ఓడకు ఇరవై వేల కోట్లు, విమానాలకు అరవై మూడు వేల కోట్లు: మన నేవీ కష్టాల లెక్క

2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో ఐఎన్‌ఎస్ విక్రాంత్ నౌకాదళంలో చేరింది. మన దేశంలో కట్టిన మొట్టమొదటి విమాన వాహక నౌక ఇదే. ఖర్చు సుమారు 20 వేల కోట్లు. ఆ అంకె విని చాలామంది నోరెళ్లబెట్టారు. మూడేళ్లు తిరక్కుండానే, 2025 ఏప్రిల్‌లో, విమాన వాహక నౌకల మీద నుంచి ఎగిరే 26 రఫేల్ మెరైన్ విమానాల కోసం ఫ్రాన్స్‌తో ఒప్పందం కుదిరింది. దాని విలువ 63 వేల కోట్ల పైచిలుకు. ఆయుధాలు, విడిభాగాలు, సిమ్యులేటర్లు, శిక్షణ అన్నీ కలిపిన ధర అది. అయినా సరే, ఓడకన్నా ఓడ మీద నిలబెట్టేవాటికి మూడింతలు ఖర్చు. పైగా ఆ విమానాలు రావడం మొదలయ్యేది 2028లో, అంటే ఓడ చేరిన ఆరేళ్లకు. అందాకా పాత మిగ్-29కేలతో నెట్టుకురావాల్సిందే.

నౌకాదళం గురించి వార్తలు చదివేటప్పుడు మనం తికమకపడేది ఇక్కడే. ఓడ అనగానే ఇనుము, ఇంజిన్, తుపాకులు అనుకుంటాం. డబ్బుంటే కొనేయొచ్చు, బడ్జెట్ పెంచితే సమస్య తీరిపోతుంది అనుకుంటాం. మన నేవీ గత పాతికేళ్ల చరిత్ర చూస్తే డబ్బు కొరత నిజమే గానీ, అంతకన్నా ఎక్కువ దెబ్బ తీసింది మధ్యమధ్యలో పని ఆగిపోవడం. ఆర్డర్లు ఆగాయి, చెల్లింపులు ఆగాయి, చేయి తిరిగిన మనుషులు వెళ్లిపోయారు. మళ్లీ మొదలుపెట్టిన ప్రతిసారీ ఓనమాల నుంచే.

ముందు డబ్బు సంగతి.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణకు ఇచ్చింది 6.81 లక్షల కోట్లు. వినడానికి కొండంత. అందులో పెన్షన్లకే 1.60 లక్షల కోట్లు పోతాయి. జీతాలు, ఇంధనం, రేషన్, మరమ్మతులు పోగా త్రివిధ దళాలూ కొత్త ఆయుధాలకూ నిర్మాణాలకూ వాడుకోగలిగేది 1.80 లక్షల కోట్లు. అందులో నౌకల పద్దు కింద కనిపించేది 24 వేల కోట్లకు కాస్త పైన. అదంతా కొత్త ఓడలకేనా అంటే, కాదు. దేశంలోని యార్డుల్లో ఇప్పటికే 50కి పైగా యుద్ధనౌకలు రకరకాల దశల్లో ఉన్నాయి. ఎప్పుడో కుదిరిన ఒప్పందాలకు ఆ ఏడాది కట్టాల్సిన వాయిదాలు ముందు తీరాలి. ఇంటి లోన్, కారు లోన్ కిస్తీలు పోయాక జీతంలో మిగిలిన దాంతో కొత్త ఫ్లాటుకు అడ్వాన్స్ ఇవ్వాలనుకునే ఉద్యోగి పరిస్థితి ఇది.

ఇంకో చిక్కుంది. బడ్జెట్ ఏడాదికి ఒకసారి, ఓడ పదేళ్ల పని. మార్చి 31 లోపు ఖర్చు కాని సొమ్ము వెనక్కి పోతుంది. ఏ ఇంజినో, ఏ రాడారో ఆరు నెలలు ఆలస్యంగా వస్తే ఆ ఏడాది చెల్లింపు జరగదు, మిగిలిన డబ్బు మురిగిపోతుంది, వచ్చే ఏడాది అదే డబ్బు కోసం మళ్లీ క్యూలో నిలబడాలి. అలా మురిగిపోని ప్రత్యేక నిధి ఒకటి పెట్టండని 15వ ఆర్థిక సంఘం సిఫార్సు చేసింది. సిఫార్సు బాగానే ఉంది. అయితే ఏటా డబ్బు పంచే అధికారాన్ని ఏ ఆర్థిక శాఖ అయినా అంత తేలిగ్గా వదులుకుంటుందా?

రక్షణ డబ్బులో నేవీ వాటా కూడా ఒక ఒరవడిలో ఉండదు. 2012 ప్రాంతంలో రక్షణ బడ్జెట్‌లో 18 శాతం దాకా ఉన్న నేవీ వాటా 2019 నాటికి 13 శాతం దరిదాపుల్లోకి దిగింది. అప్పటి నౌకాదళాధిపతి అడ్మిరల్ కరమ్‌బీర్ సింగ్ ఈ సంగతి బహిరంగంగానే చెప్పారు. 2027 నాటికి 200 నౌకలు అనుకున్న లక్ష్యం 175కు తగ్గింది. తర్వాత వాటా మళ్లీ పెరిగింది, నిజమే. కాని ఆ సన్నని ఏళ్లలో ఇవ్వని ఆర్డర్లు పదేళ్ల తర్వాత సముద్రంలో ఖాళీలుగా కనిపిస్తాయి. అప్పుడు డబ్బున్నా ఓడ ఉండదు.

చవకగా వస్తోందని కొన్నవాటి కథ ఇంకోలా ఉంటుంది. రష్యా తన అడ్మిరల్ గోర్ష్‌కోవ్ విమాన వాహక నౌకను దాదాపు ఉచితంగానే ఇస్తానంది. దాన్ని మరమ్మతు చేసి మార్చడానికయ్యే ఖర్చు మాత్రం మనది. 2004లో ఒప్పందం ప్రకారం ఆ ఖర్చు 97.4 కోట్ల డాలర్లు. విప్పి చూశాక మార్చాల్సిన కేబుళ్లే వందల కిలోమీటర్ల మేర అదనంగా బయటపడ్డాయి. 2010లో మళ్లీ బేరమాడితే లెక్క 230 కోట్ల డాలర్లు దాటింది. 2008లో రావాల్సిన ఓడ విక్రమాదిత్య పేరుతో 2013 నవంబర్‌లో చేరింది. ఈలోగా డాలర్ 45 రూపాయల నుంచి 60 దాటిపోయింది. ఖర్చు తడిసి మోపెడవడమంటే ఇదే. కాకపోతే ఆ రోజుల్లో మనకు వేరే దారి కూడా పెద్దగా లేదు.

జలప్రవేశం అయితే ఓడ అయిపోయినట్టేనా?

2009 జులై 26న విశాఖపట్నంలో అణు జలాంతర్గామి అరిహంత్ జలప్రవేశం జరిగింది. అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ సతీమణి గురుశరణ్ కౌర్ కొబ్బరికాయ కొట్టారు. పేపర్లన్నీ మొదటి పేజీలో వేశాయి. అందులోని రియాక్టర్ పనిచేయడం మొదలైంది 2013 ఆగస్టులో. నౌకాదళంలో చేరింది 2016లో. అణ్వస్త్ర గస్తీ పూర్తిచేసి వచ్చిందని ప్రధాని ప్రకటించింది 2018 నవంబర్‌లో. కొబ్బరికాయకూ గస్తీకీ మధ్య తొమ్మిదేళ్లు.

నీళ్లలోకి దించిన రోజున ఓడ అంటే తేలే పెంకు, లోపల కొంత యంత్రాలు. అసలు తలనొప్పి ఆ తర్వాతే. వందల గదుల్లోంచి పైపులు, కేబుళ్లు, గాలి గొట్టాలు లాగాలి. ఒక గదిలో పైపు అతికించే వెల్డర్, పక్క గదిలో కేబుల్ లాగే ఎలక్ట్రీషియన్ ఒకరికొకరు అడ్డు పడకుండా పని వరస కుదరాలి. కేబుల్ ముందు లాగేసి తర్వాత వెల్డింగ్ మొదలుపెడితే కేబుల్ కాలిపోతుంది. డిజైన్ పూర్తిగా ఖరారు కాకుండానే ఉక్కు కోయడం మొదలుపెట్టే అలవాటు మన యార్డుల్లో చాలాకాలం నడిచింది. మధ్యలో నేవీ కొత్త రాడార్ కావాలంటే, కట్టిన గోడ కోసి మళ్లీ కట్టాలి. కోల్‌కతా తరగతి (ఒకే డిజైన్ మీద కట్టే వరస) డిస్ట్రాయర్లు, అంటే పెద్ద యుద్ధనౌకలు, మూడింటి అంచనా 3,580 కోట్ల నుంచి 11,662 కోట్లకు ఎలా ఎగబాకిందో కాగ్ తన నివేదికలో రాసింది. దానికి మార్పులు ఒక కారణం, రష్యా నుంచి యుద్ధనౌకల ఉక్కు సమయానికి రాకపోవడం మరో కారణం.

ఆ ఉక్కు కథలో మన హైదరాబాద్ ఉంది. మామూలు ఉక్కుతో యుద్ధనౌక కట్టలేం. పేలుడు తాకిడికి పగలకూడదు, ఉప్పునీటికి తినిపోకూడదు, వెల్డింగ్ చేసిన చోట పెళుసు బారకూడదు. విక్రాంత్‌కు కావాల్సిన ఉక్కు రష్యా నుంచి రాక పని నిలిచిపోతే, కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ రూపొందించిన డీఎంఆర్-249ఎ రకం ఉక్కును ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ కర్మాగారాల్లో పోతపోశారు. ఆ తర్వాత మన యుద్ధనౌకలన్నిటికీ దాదాపు అదే ఉక్కు. ఎంత తిట్టుకున్నా, ఆ ఆలస్యం వల్ల ఒక మేలు జరిగింది.

నేవీ వాళ్లు ఓడను మూడు భాగాలుగా లెక్కేస్తారు: తేలేది, కదిలేది, పోరాడేది. 2015లో నేవీ చెప్పిన లెక్క ప్రకారం తేలే భాగంలో స్వదేశీ వాటా 90 శాతం. కదిలే భాగంలో 60. పోరాడే భాగంలో 30 మాత్రమే. ఆ తర్వాత ఈ మూడో అంకె పెరిగింది. విశాఖలోని నౌకాదళ ఆయుధాల పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ రూపొందించిన వరుణాస్త్ర టార్పెడోను భారత్ డైనమిక్స్ అక్కడే ఉత్పత్తి చేస్తోంది. బ్రహ్మోస్ క్షిపణి ఎలాగూ ఉంది. కాని ఖరీదంతా ఉండేదీ, తాళంచెవి పరాయి వాళ్ల చేతిలో ఉండేదీ ఈ కదిలే, పోరాడే భాగాల్లోనే.

ఐఎన్‌ఎస్ విశాఖపట్నం అనే డిస్ట్రాయర్‌ను నడిపేవి ఉక్రెయిన్ గ్యాస్ టర్బైన్లు. మికొలాయివ్ నగరంలోని జోర్యా-మష్‌ప్రోయెక్ట్ కర్మాగారంలో తయారైనవి. రష్యా కట్టే తల్వార్ తరగతి ఫ్రిగేట్లకూ (డిస్ట్రాయర్లకన్నా చిన్న యుద్ధనౌకలు) అవే ఇంజిన్లు. 2014లో క్రిమియా గొడవ తర్వాత రష్యాకు ఇంజిన్లు అమ్మడం ఉక్రెయిన్ ఆపేసింది. రష్యా యార్డులో సగం కట్టిన ఫ్రిగేట్లు అలా నిలబడిపోయాయి. వాటిలో రెండింటిని మనం కొన్నాం, ఉక్రెయిన్ నుంచి ఇంజిన్లు కూడా మనమే కొని రష్యా యార్డుకు అప్పజెప్పాం. ఒకరి మీద ఒకరు యుద్ధం చేసుకుంటున్న రెండు దేశాల సామానుతో తయారైన తుషిల్ 2024 డిసెంబర్‌లో, తమాల్ 2025 జులైలో మన నేవీలో చేరాయి. మన దౌత్యం గొప్పదని మురిసిపోవచ్చు. నాకైతే ఇందులో మన ఇంజిన్ లేని లోటే ఎక్కువ కనిపిస్తుంది.

పోరాడే భాగానికి ఇంకా బాధాకరమైన ఉదాహరణ ఫ్రాన్స్ డిజైన్‌తో ముంబయిలో కట్టిన స్కార్పీన్ సబ్‌మెరైన్లది. వాటి కోసం అనుకున్న బ్లాక్ షార్క్ టార్పెడోలు తయారుచేసే ఇటలీ కంపెనీ, అగస్టా వెస్ట్‌ల్యాండ్ హెలికాప్టర్ల కుంభకోణంలో పేరొచ్చిన గ్రూపులోదే. దాంతో 2016లో ఆ కొనుగోలు రద్దయింది. 2017 డిసెంబర్‌లో చేరిన ఐఎన్‌ఎస్ కల్వరి అనుకున్న టార్పెడోలు లేకుండా పాతరకం వాటితోనే సర్దుకుంది. అవినీతి ఆరోపణలొస్తే కంపెనీ మొత్తాన్ని బ్లాక్‌లిస్టులో పెట్టడం వినడానికి నిజాయితీగా ఉంటుంది. శిక్ష మాత్రం నీళ్ల కింద ఉన్నవాడికి పడుతుంది.

ఒకే ఊళ్లో రెండు యార్డులు

ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదీ. విశాఖలో ఉన్నవాళ్లకు తెలుసు, సింధియా అనే ప్రాంతం పేరు ఓడల కంపెనీ వల్ల వచ్చింది. ఆ కంపెనీని నడిపిన పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ 1941లో ఇక్కడ షిప్‌యార్డు మొదలుపెట్టారు. స్వతంత్ర భారతంలో కట్టిన తొలి పెద్ద ఓడ జల ఉషకు నెహ్రూ 1948 మార్చి 14న ఇక్కడే జలప్రవేశం చేయించారు. తర్వాత హిందుస్థాన్ షిప్‌యార్డుగా ప్రభుత్వ పరమైంది. దశాబ్దాలపాటు సరుకు ఓడలు కట్టింది, ఆర్డర్లు లేక నష్టాల్లో కూరుకుపోయింది, చివరికి 2010లో రక్షణ శాఖ కిందికి వచ్చింది.

ఇలాంటి యార్డుకు 2006లో సింధుకీర్తి అనే రష్యన్ సబ్‌మెరైన్‌ను రిఫిట్‌కు (విప్పి పూర్తిగా బాగుచేయడానికి) అప్పజెప్పారు. బయటికొచ్చింది 2015లో. తొమ్మిదేళ్లు. నేవీలో ఆ పడవ మీద జోకులు పుట్టాయి. యార్డు చేతకానితనం అనేయడం తేలిక. ఆ యార్డులో అలాంటి పని ఏళ్లకేళ్లు వరసగా దొరికి ఉంటే కదా చేయి తిరిగేది! సబ్‌మెరైన్ పొట్ట కోసి మళ్లీ అతికించడం పుస్తకం చదివి వచ్చే విద్య కాదు. ప్రతి వెల్డ్‌ను ఎక్స్‌రే తీసి చూస్తారు, ఒక్క బుడగ కనిపించినా చెక్కేసి మళ్లీ చేయాలి. అలాంటి వెల్డర్ తయారవడానికి ఏళ్లు పడుతుంది, పని లేకపోతే గల్ఫ్‌కో సింగపూర్‌కో వెళ్లిపోవడానికి ఒక్క వీసా చాలు.

అదే ఊళ్లో షిప్ బిల్డింగ్ సెంటర్ ఉంది. అణు జలాంతర్గాములు కట్టేది అక్కడే. గుజరాత్‌లోని హజీరాలో ఎల్ అండ్ టీ చేసిన హల్ (పెంకు) ముక్కలు సముద్రం మీద ఇక్కడికొస్తాయి. ఆలస్యాలు అక్కడా ఉన్నాయి, రహస్యం పేరుతో లెక్కలు బయటికి రావు. కాని ఒకటి అయ్యాక ఇంకొకటి వరసగా కడుతూనే ఉన్నారు. అరిహంత్ తర్వాత అరిఘాత్ 2024 ఆగస్టులో చేరింది. వెనకాల మరికొన్ని ఉన్నాయి. ఒకే ఊరు, అవే ఉత్తరాంధ్ర కుర్రాళ్లు. షిప్ బిల్డింగ్ సెంటర్‌లో పని ఆగలేదు, హిందుస్థాన్ షిప్‌యార్డులో ఆగింది.

ముంబయి మజగావ్ డాక్‌లోనూ ఇదే జరిగింది. 1980ల్లో జర్మనీ హెచ్‌డీడబ్ల్యూ సాయంతో రెండు సబ్‌మెరైన్లు ఇక్కడ కట్టారు. మనవాళ్లు జర్మనీ వెళ్లి పని నేర్చుకొచ్చారు. ముడుపుల ఆరోపణలతో ఆ దారి మూసుకుపోయింది. 1994లో శంకుల్ చేరాక పదేళ్లకు పైగా కొత్త సబ్‌మెరైన్ పనే లేదు. నేర్చుకున్నవాళ్లు రిటైరయ్యారు. 2005లో ఫ్రాన్స్‌తో స్కార్పీన్ ఒప్పందం కుదిరాక అంతా మళ్లీ నేర్చుకున్నారు. 2012లో రావాల్సిన మొదటిది 2017లో, ఆరోదైన వాగ్‌షీర్ 2025 జనవరిలో చేరాయి. కార్గిల్ తర్వాత 1999లో వేసుకున్న ప్రణాళిక 2030 కల్లా 24 సబ్‌మెరైన్లు. అందులో చేతికొచ్చినవి ఈ ఆరే. వాగ్‌షీర్ చేరేనాటికి తర్వాతి ఆరింటి కాంట్రాక్టు మీద సంతకమే పడలేదు. అంటే చరిత్ర రెండోసారీ అదే.

ఇది మన ఒక్కరి జబ్బు కూడా కాదు. బ్రిటన్ బారో యార్డులో వాన్‌గార్డ్ తరగతి అణు జలాంతర్గాముల పని అయ్యాక ఖాళీ వచ్చింది, మనుషులు చెదిరిపోయారు. తర్వాత వచ్చిన అస్ట్యూట్ ఏళ్ల తరబడి ఆలస్యమై, అమెరికా యార్డు నిపుణులను పిలిపించుకోవాల్సి వచ్చింది.

చైనా ఎలా చేస్తోంది మరి? టైప్ 055 అనే భారీ డిస్ట్రాయర్లు ఎనిమిదింటిని 2020 నుంచి మూడు నాలుగేళ్లలో నౌకాదళంలో చేర్చేసింది. మన విశాఖపట్నం తరగతి నాలుగింటికి, ఒప్పందం నుంచి ఆఖరిది చేరేదాకా లెక్కేస్తే, 2011 నుంచి 2025 దాకా పట్టింది. నియంతృత్వం వల్ల అనడం సగం సమాధానమే. ప్రపంచంలో కట్టే సరుకు ఓడల్లో సగానికి పైగా చైనా యార్డులవే. మన వాటా ఒక్క శాతం కూడా లేదు. అక్కడ యుద్ధనౌకల ఆర్డర్ లేనప్పుడు అదే వెల్డరు కంటెయినర్ షిప్ కడతాడు. మన యార్డులో నేవీ ఆర్డర్ లేకపోతే ఖాళీగా కూర్చుంటాడు. 2025 సెప్టెంబర్‌లో కేంద్రం ఓడల నిర్మాణానికి 69,725 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. నేవీ వార్తగా ఎవరూ రాయలేదు గానీ, నేవీకి పనికొచ్చే నిర్ణయాల్లో ఇది పెద్దదే.

మనుషులు

ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూడనివాళ్లు మన రాష్ట్రాల్లో తక్కువే. గుండ్రటి కంతల్లోంచి వంగి దూరుతూ, పిల్లల తలలు తగలకుండా చూసుకుంటూ ఇరవై నిమిషాల్లో బయటపడతాం. టార్పెడో గొట్టాల పక్కనే పడక బల్లలు. ఆ గొట్టంలాంటి చోట డెబ్బై మందికి పైగా వారాల తరబడి బతికారు. ఎండ తగలదు, స్నానానికి నీళ్లు లెక్కపెట్టి ఇస్తారు, ఇంటికి ఫోన్ లేదు. కొత్త సబ్‌మెరైన్లు కొంచెం మెరుగు, అంతే. ఈ ఉద్యోగానికి మనుషుల్ని తేవాలి, ఉంచుకోవాలి.

పార్లమెంటులో ప్రభుత్వం ఇటీవలి ఏళ్లలో చెప్పిన లెక్కల ప్రకారం నేవీలో పది వేలకు పైగా నావికుల పోస్టులు, వెయ్యికి పైగా ఆఫీసర్ల పోస్టులు ఖాళీగా ఉన్నాయి. నిరుద్యోగం ఉన్న దేశంలో ఇదేం వింత అనిపిస్తుంది. దరఖాస్తులకు లోటు లేదు, లక్షల్లో వస్తాయి. కొరత ఉన్నది తయారైన మనిషికి. గ్యాస్ టర్బైన్ శబ్దం విని ఏదో తేడాగా ఉందని చెప్పగల పెట్టీ ఆఫీసర్ (అనుభవమున్న సీనియర్ నావికుడు) పరీక్ష రాసి దొరకడు. ఒడిశా చిల్కాలో మొదటి శిక్షణ, లోనావాలాలోనో జామ్‌నగర్‌లోనో సాంకేతిక శిక్షణ, సబ్‌మెరైన్లకు వెళ్లేవాళ్లయితే విశాఖలో ఐఎన్‌ఎస్ శాతవాహనలో మరో కోర్సు. ఆపైన సముద్రం మీద ఏళ్లు. (విశాఖలో టర్బైన్లు విప్పి బాగుచేసే కేంద్రానికి ఐఎన్‌ఎస్ ఏకశిల అని ఓరుగల్లు పాత పేరు పెట్టారు. ఎవరు పెట్టారో గానీ బాగుంది.) అంతా నేర్చుకున్న ఇంజినీరుకు మర్చంట్ నేవీ అంతకు ఎన్నో రెట్లు జీతం చూపిస్తుంది. భార్య ఉద్యోగం, రెండేళ్లకోసారి బదిలీ, పిల్లల స్కూలు టెన్షన్ వేరే.

మనుషులు తక్కువైతే యంత్రాలు పెట్టొచ్చు కదా అని అమెరికా ఒక ప్రయోగం చేసింది. లిటోరల్ కంబాట్ షిప్ అనే ఓడను కేవలం 40 మంది ప్రధాన సిబ్బందితో నడిపేలా రూపొందించింది. పని భారం మోయలేక దాన్ని 50కి పెంచాల్సి వచ్చింది. ఇంతకన్నా ఘోరం 2017లో జరిగింది. ఫిట్జ్‌జెరాల్డ్, జాన్ మెకెయిన్ అనే రెండు డిస్ట్రాయర్లు రెండు నెలల తేడాతో సరుకు ఓడల్ని గుద్దుకుని 17 మంది నావికులు చనిపోయారు. విచారణల్లో తేలింది శిక్షణ లోపం, నిద్ర లేని డ్యూటీలు, తక్కువ మందితో ఎక్కువ తిప్పడం. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ డబ్బున్న నేవీ సంగతి ఇది.

మన దగ్గర 2022లో సైనికుల నియామకానికి అగ్నిపథ్ పథకం వచ్చింది, అందులో చేరేవాళ్లే అగ్నివీరులు. నాలుగేళ్ల సర్వీసు, ఆ తర్వాత నలుగురిలో ఒకరికే శాశ్వత ఉద్యోగం. పెన్షన్ల బిల్లు చూశాం కాబట్టి ప్రభుత్వం ఎందుకు అలా ఆలోచించిందో అర్థమవుతుంది. దళం సగటు వయసు తగ్గుతుందన్న వాదనా ఉంది. మొదటిసారి అమ్మాయిలు నావికులుగా చేరారు, 2023 మార్చిలో చిల్కాలో పాసయిన తొలి బ్యాచ్ సుమారు 2,600 మందిలో వాళ్లు 273. అది మంచి మార్పే. కాని కాల్బలంలో నాలుగేళ్లు వేరు, ఓడలో నాలుగేళ్లు వేరు. శిక్షణ, సెలవులు, ఓడ రిఫిట్‌లో గడిపే నెలలు తీసేస్తే కుర్రాడు సముద్రం మీద నేర్చుకోవడానికి మిగిలేది రెండేళ్లో, రెండున్నరో. పని చేతికొచ్చే సమయానికి బయటికి పంపించడమంటే యార్డులో వెల్డర్‌ను పోగొట్టుకున్నట్టే.

విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డు ఇప్పుడు కాస్త కుదురుకుంది. 2025 జులైలో నిస్తార్ అనే డైవింగ్ సపోర్ట్ నౌకను నేవీకి ఇచ్చింది. ఒక్కోటి 44 వేల టన్నుల ఫ్లీట్ సపోర్ట్ షిప్‌లు ఐదింటికి 2023లో దాదాపు 19 వేల కోట్ల ఆర్డర్ వచ్చింది. అనుకున్నట్టు జరిగితే 2027 నుంచి ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఐదోది డాక్‌లో ఉండగానే ఆరో పని చేతిలో ఉండాలి, లేదంటే కథ మళ్లీ 2006కు పోతుంది. చిల్కా తొలి బ్యాచ్ అగ్నివీరుల నాలుగేళ్లు మాత్రం అంతకన్నా ముందే, 2026 చివరికే నిండుతాయి. వాళ్లలో టర్బైన్ రూముల్లో, సోనార్ గదుల్లో పని పట్టుబడ్డవాళ్లను ఎంతమందిని అట్టిపెట్టుకోవాలన్నది ఆ లోపే తేలాలి.